రాళ్లు ఎవరు మోసిండ్రు?

మహబూబ్‌నగర్,
ఆదివారం.

బిడ్డా,

రూమ్ మారేటప్పుడు నువ్వు బెంగళూరు నుంచి పంపిన పుస్తకాల అట్టపెట్టె విప్పాను. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి గడప దాటింది తక్కువ, ఈ మూడు నెలలూ ఆ పెట్టే నాకు తోడు. తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, నా ఇంగ్లీషు చదువు నెమ్మది. ఫోన్‌లో డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు ఇరవై పేజీలు లాగాను. నీ నవల మూడు అధ్యాయాలు కూడా చదివాను. ఎట్లుందో చెప్పమని రెండుసార్లు అడిగావు. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ‘బేబెల్’. ఆర్.ఎఫ్. క్వాంగ్ 2022లో రాసింది. చైనాలోని కాంటన్‌లో కలరాకు తల్లిని పోగొట్టుకున్న పిల్లవాణ్ని ఒక ప్రొఫెసర్ ఇంగ్లండ్ తీసుకెళ్లి, లాటిన్, గ్రీకు నేర్పించి, ఆక్స్‌ఫర్డ్‌లో అనువాదాల సంస్థలో చేరుస్తాడు. అక్కడ వెండి కడ్డీ మీద ఒక భాష మాట, దాని పక్కన ఇంకో భాషలో దానికి దగ్గరి మాట చెక్కుతారు. అనువాదంలో ఏ అర్థం జారిపోతుందో అదే ఆ వెండిలో శక్తి అవుతుంది. రెండు భాషలూ నరనరాన ఉన్నవాళ్లకే ఆ పని సాధ్యం. అందుకని కాంటన్ నుంచి, కలకత్తా నుంచి పిల్లల్ని తెచ్చుకుంటారు. వాళ్ల నోటి మాటతో పుట్టిన బలం మళ్లీ వాళ్ల దేశాల మీదికే పోతుంది.

ఆ పేజీల దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా నాయినమ్మ దొర ముందు ‘బాంచెన్’ అనేది. ఆ మాటను ఇంగ్లీషులో ‘స్లేవ్’ అని రాస్తే అర్థం చేరుతుంది కానీ వంగిన నడుము చేరదు, చేతిలో పట్టుకున్న చెప్పులు చేరవు, దొర పోయాక కూడా చాలాసేపు లేవని తల చేరదు. ఈ రెండు మాటలూ ఒక కడ్డీ మీద చెక్కితే అది ఏం చేస్తుందా అని ఆలోచించాను. ఎవరి నడుమో వంచుతుంది. మాయ గురించిన నవల చదువుతూ భయపడటం నాకు అదే మొదటిసారి. ఒక్క లోపం మాత్రం చెప్పాలి. చదివేవాళ్లకు అందదేమోనని క్వాంగ్ అదే సంగతి మళ్లీ మళ్లీ విడమరిచి చెప్తుంది. పేజీ కింది వివరణలు కొన్ని తీసేసినా కథకు ఏమీ కాదు.

రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’ సగంలో ఆపేశాను. కథ పరుగెత్తుతుంది, ఆ సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ డ్రాగన్ల కాలేజీలో పిల్లలు చచ్చిపోతారు, పొద్దున వాళ్ల పేర్లు చదువుతారు, అంతటితో అయిపోతుంది. ఇన్నేళ్లు హాజరు వేసినదాన్ని. ఒక పేరు పిలిస్తే పలుకు రాకపోతే ఆ రోజంతా నా మనసు మనసులో ఉండేది కాదు.

‘ది టెయింటెడ్ కప్’ తొందరగా అయిపోయింది. రాబర్ట్ జాక్సన్ బెన్నెట్ నవల, ఇట్లాంటి కల్పన కథలకిచ్చే హ్యూగో అవార్డు 2025లో వచ్చింది. ఒక అధికారి ఒంట్లోంచి చెట్టు మొలుచుకొచ్చి చనిపోతాడు. కళ్లకు గంతలు కట్టుకునే ఆనా, చూసింది ఏదీ మర్చిపోని డిన్ కలిసి హంతకుణ్ని పట్టుకుంటారు. నాకు మాత్రం హత్యకంటే గోడ నచ్చింది. వానకాలం వస్తే సముద్రంలోంచి కొండలంత జంతువులు ఒడ్డుకొస్తాయి, ఇంజనీర్లు ఏటా ఆ గోడను కాపాడుతూనే ఉండాలి. మరమ్మతు చేసేవాళ్లకు కథలో చోటిచ్చాడు.

సుసానా క్లార్క్ ‘పిరనేసి’ని అత్తయ్య ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో చదివాను. కథంతా ఒక్క ఇంట్లోనే. అంతులేని గదులు, అన్నిట్లో విగ్రహాలు, కింది అంతస్తుల్లో సముద్రం. అక్కడ బతికే మనిషి ఆటుపోట్లు లెక్కరాసుకుంటూ, ఎవరివో తెలియని పదమూడు అస్థిపంజరాలకు తామరపూలు పెడుతుంటాడు. నీకు ఆరేళ్లప్పుడు పిల్లలమర్రి కింద తిరుగుతూ “అసలు చెట్టు ఏది?” అని ప్రతి ఊడనూ పట్టుకుని అడిగావు, గుర్తుందా? ఆ ఇంట్లో తిరుగుతుంటే అట్లనే అనిపించింది. 2018లో ఆ చెట్టుకు చెదలు పట్టి, సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఈ రచయిత్రి కూడా ఏళ్ల తరబడి జబ్బుతో ఉంది. మొదటి నవల 2004లో వస్తే ఇది 2020లో వచ్చింది. మంచం మీద ఉన్న మనిషికే ఒక్క ఇల్లు అంత పెద్దగా కనబడుతుందని ఈ మూడు నెలల్లో నాకు తెలిసింది.

ఇక నీ నవల. చెరువులో మొదటిసారి నీళ్లు వచ్చినప్పుడు ఊరి కుక్క నీడ చూసి మొరిగే చోటు చాలా బాగుంది, దాన్ని ముట్టుకోకు. కానీ రెండో అధ్యాయంలో రాజగురువు మంత్రం చదివితే రాత్రికి రాత్రి కట్ట లేచింది అని ఒక్క వాక్యంలో తేల్చేశావు.

మీ తాత నాగార్జునసాగర్‌లో రాళ్లు మోశాడు. 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యామ్, దాని ప్రధాన కట్ట రాతికట్టడం. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పాలమూరు నుంచి గుంపులు గుంపులుగా పోయినవాళ్లలో ఒకడు. ఇంటికి వచ్చినప్పుడు నేను చందమామ పైకి చదువుతుంటే వినేవాడు. ఒకసారి మాంత్రికుడు తెల్లారేసరికి కోట కట్టేశాడని చదివాను. “రాళ్లు ఎవరు మోసిండ్రు బిడ్డా?” అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను వెనక్కి పేజీలు తిప్పి వెతికాను. ఎక్కడా లేదు.

మంత్రం తీసేయమనడం లేదు. మంత్రం పనిచేసిన తెల్లారి ఊర్లో ఎవరో ఒకరి భుజం వాచి ఉండాలి, ఎందుకో అతనికే తెలియకూడదు. క్వాంగ్ వెండికి కూడా ఇట్లనే ఎక్కడో ఎవరో మూల్యం చెల్లిస్తున్నారు. ఇంకొకటి, నీ చెరువుకు తూము లేదు, నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి లేదు, నీళ్లు వదిలే నీరటి లేడు. వాళ్లు వస్తే మూడో అధ్యాయంలో తగాదా దానంతట అదే పుడుతుంది. ఇప్పుడు రాజకుమారులిద్దరూ కారణం లేకుండా కొట్లాడుకుంటున్నారు.

నాలుగో అధ్యాయం ప్రింట్ తీసి పంపు, ఫోన్‌లో అక్షరాలు చిన్నగా ఉన్నాయి. ‘బేబెల్’లో నా పెన్సిల్ గీతలు కనబడతాయి, చెరిపెయ్యకు. దసరాకు వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. పైలం.

మీ అమ్మ