రవికి, జేబు రివాల్వర్ల సంగతి

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా? పిల్లల పరీక్షలు అయిపోయాయా? పాత హాలీవుడ్ సినిమాల్లో డిటెక్టివ్ కోటు జేబులోంచి తీసే ఆ పొట్టి రివాల్వర్ ఎవరి బుర్రలో పుట్టిందని మొన్న ఫోన్లో అడిగావు కదా. రెండు ముక్కల్లో తేల్చేస్తే నాకు తృప్తి ఉండదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చాలామంది 1927, కోల్ట్ కంపెనీ, డిటెక్టివ్ స్పెషల్ అని చెప్పి ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. అప్పటికే ఆ ఆలోచనకు దాదాపు తొంభై ఏళ్లు నిండాయి.

శామ్యూల్ కోల్ట్ 1836లో పేటెంటు తీసుకుని న్యూజెర్సీలోని ప్యాటర్‌సన్‌లో ఫ్యాక్టరీ పెట్టినప్పుడే జేబులో పట్టే చిన్న మోడల్ ఒకటి చేశాడు. ఆ కంపెనీ 1842లో మూతపడింది. మళ్లీ నిలదొక్కుకున్నాక 1848లో బేబీ డ్రాగూన్, ఆ వెంటనే 1849 పాకెట్ మోడల్ తెచ్చాడు. అప్పుడే కాలిఫోర్నియాలో బంగారం వేట మొదలైంది. ఊరూ పేరూ తెలియని జనం మధ్య డబ్బు మూటతో తిరిగేవాడికి నడుముకు వేలాడే పెద్ద తుపాకీ కన్నా జేబులో దాగేదే కావాలి. ఆ పాకెట్ మోడల్ మూడు లక్షలకు పైగా తయారైందిరా!

వాటిలో కొన్నింటికి గుండు దట్టించే మీట ఉండదు. గొట్టం కింద అమర్చే ఆ మీటను తీసేస్తే మూడంగుళాల గొట్టం చాలు. మరి దట్టించడం ఎలా అంటావా? గొట్టం ఊడదీసి, గుండ్ల గదులుండే సిలిండర్‌ను బయటికి లాగి, ఒక్కో గదిలో మందు పోసి, సీసపు గుండు పెట్టి, సిలిండర్ తిరిగే ఇరుసు కొనకు ఆనించి అదమాలి. ఆ తర్వాత వెనక, మందుకు నిప్పంటించే చిన్న క్యాపులు తొడగాలి. ఐదు గుండ్లకీ ఇదే తంతు. దొంగ ఎదురుగా ఉంటే అయ్యే పని కాదు. అంటే ఆ ఐదింటితోనే ప్రాణం దక్కించుకోవాలన్నమాట. పొట్టి తుపాకీ కథంతా ఇదేరా. జేబుకు అడ్డొచ్చేదాన్ని కోసేయడం, కోసినందుకు ఏదో ఒకటి వదులుకోవడం.

మందూ గుండూ ఒకే గుల్లలో ఉండే ఇత్తడి తూటాలు వచ్చాక ఈ అవస్థ తప్పింది. కానీ వెనక నుంచి తూటా పెట్టే సిలిండర్ మీద రోలిన్ వైట్ అనే ఆయనకు పేటెంటు ఉండేది. స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకుల కంపెనీ ఒక్కో తుపాకీకి 25 సెంట్లు ఆయనకు కట్టి ఆ హక్కు వాడుకుంది. 1869లో పేటెంటు గడువు తీరగానే అమెరికాలో అందరూ ఎగబడ్డారు.

ఇంగ్లండులో ఆ పేటెంటు బెడద లేదు. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ 1872లో బ్రిటిష్ బుల్‌డాగ్ తెచ్చింది. రెండున్నర అంగుళాల గొట్టం, ఐదు తూటాలు, తూటా మాత్రం లావుపాటిది. నన్నడిగితే సినిమా డిటెక్టివ్ తుపాకీకి అసలు తాత ఇదే. బెల్జియంలో, అమెరికాలో దీనికి నకళ్లు కుప్పలుతెప్పలుగా వచ్చాయి.

దీని గురించి చెబుతూ గార్ఫీల్డ్‌ను వదిలేయలేను. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ వెనకాలికి వచ్చి చార్లెస్ గీటో రెండుసార్లు కాల్చింది ఈ బుల్‌డాగ్ రకంతోనే. కొనేటప్పుడు వాడి కళ్లు దంతపు పిడి ఉన్నదాని మీదే ఉన్నాయట, రేపు మ్యూజియంలో పెడితే బాగుంటుందని! చదివినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఒక గుండు చేతిని రాసుకుపోయింది, రెండోది వీపులో దిగింది. డాక్టర్లు కడగని వేళ్లతో గాయంలో కెలికారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఒక యంత్రం తెచ్చి గుండు ఎక్కడుందో వెతికినా ఫలితం లేకపోయింది. చీము పట్టి, నరకం అనుభవించి, సెప్టెంబర్ 19న ఆయన పోయాడు. ఆ తుపాకీ ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

జేబుతో ఇంకో చిక్కు, తూటాను కొట్టి పేల్చే హ్యామర్‌కు పైన ఉండే కొక్కెం బట్టకు తగులుకోవడం. స్మిత్ అండ్ వెసన్ 1887లో హ్యామర్‌ను లోపలే దాచేసి, పిడిని గట్టిగా పట్టుకుంటే తప్ప పేలకుండా ఏర్పాటు చేసింది. ఈ కాలం మొత్తంలో నాకు బాగా నచ్చిన పనితనం ఇది. ఫ్రాన్సులోనైతే సైకిలు తొక్కేవాళ్లను కుక్కలు తరుముతున్నాయని వెలో-డాగ్ అని బుల్లి రివాల్వర్లు చేశారు. కుక్క చావకుండా కారప్పొడి నింపిన తూటాలు కూడా అమ్మేవారట.

ఇక కోల్ట్‌లో పనిచేసిన జాన్ హెన్రీ ఫిట్జెరాల్డ్. 1920లలో ఈయన పెద్ద రివాల్వర్లను తీసుకుని గొట్టం రెండంగుళాలకు కోసి, హ్యామర్ కొక్కెం చెక్కేసి, వేలు చప్పున దూరాలని ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ ముందు భాగం కూడా తీసేసేవాడు. అలాంటి .45 రివాల్వర్లు (అంటే తూటా లావు దాదాపు 0.45 అంగుళం) రెండింటిని ప్యాంటు జేబుల్లో చెరొకటి పెట్టుకుని తిరిగేవాడు. ఆయన నేర్పు మీద నాకు గౌరవం ఉంది గానీ, ఆ కమ్మీ తీసేయడం మాత్రం ప్రమాదమే. జేబులో ఏం తగిలినా ట్రిగ్గర్ కదలొచ్చు. 1927 డిటెక్టివ్ స్పెషల్‌లో కంపెనీ కమ్మీని ఉంచింది, రెండంగుళాల గొట్టం, .38 స్పెషల్ తూటాలు ఆరు. అంటే అప్పటిదాకా చేతిపనిగా సాగిన పొట్టిదనం ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. 1950లో స్మిత్ అండ్ వెసన్ ఇంకా చిన్నదాన్ని, ఐదు తూటాలదాన్ని, కొలరాడో స్ప్రింగ్స్‌లో పోలీసు చీఫుల సభలో పెడితే వాళ్లే ఓటేసి చీఫ్స్ స్పెషల్ అని పేరు పెట్టారు.

పోలీసుల కోసం చేసినది పోలీసుల దగ్గరే ఉండలేదు. 1963 నవంబర్ 24న డాలస్ పోలీసు భవనం బేస్‌మెంటులో, చుట్టూ డిటెక్టివ్‌లు ఉండగానే, జాక్ రూబీ అనేవాడు, అధ్యక్షుడు కెన్నెడీని చంపాడని పట్టుబడ్డ ఆస్వాల్డ్‌ను కాల్చింది కోల్ట్ కోబ్రాతో. అది డిటెక్టివ్ స్పెషల్‌కే తేలికపాటి తమ్ముడు. ఆ ఫోటో నువ్వు చూసే ఉంటావు. ఈసారి చూసినప్పుడు రూబీ కుడిచేయి గమనించు, తుపాకీ ఎంత చిన్నదో తెలుస్తుంది.

వెబ్లీ గురించి ఇంకా చాలా ఉంది, వచ్చే ఉత్తరంలో రాస్తాను. పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పు. జవాబు రాయడం మాత్రం మానకు.

నీ
శేఖర్