హెచ్‌పీవీ నెగెటివ్ అన్న కాగితం చూసుకుని ఐదు నెలలు ఆగాను

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆరోగ్య పేజీలో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్, ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా సోకే వైరస్) మీద వచ్చిన వ్యాసం చదివాను. పులిపిర్లు, కారణం తెలియని బ్లీడింగ్, క్యాన్సర్ మూడూ ఒకే జబ్బుకు వరస మెట్లు అన్నట్టు రాశారు. అక్కాచెల్లెళ్ళం మేమిద్దరం సరిగ్గా అలాగే అనుకుని నష్టపోయాం. అందుకే ఈ ఉత్తరం.

నాకు 54 ఏళ్ళు. నెలసరి ఆగి రెండేళ్ళు దాటాక ఒకరోజు లోదుస్తుల మీద గోధుమరంగు మరక కనిపించింది. నొప్పి లేదు. అంతకు ఏడాది ముందే హెచ్‌పీవీ టెస్టు చేయించుకుంటే వైరస్ లేదని వచ్చింది. ఆ కాగితం బీరువాలో ఉందన్న ధైర్యం నాది. మరక మరో మూడుసార్లు కనిపించినా ఎవరికీ చెప్పలేదు.

అదే సమయంలో మా చెల్లెలికి యోని దగ్గర నాలుగైదు చిన్న పులిపిర్లు లేచాయి. క్యాన్సరే అనుకుని రాత్రిళ్ళు ఏడ్చేది. మా మరిది ‘ఇది నీకెక్కణ్ణుంచి వచ్చింది’ అన్నాడు, తనూ అదే మాట తిరిగి అడిగింది. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి నేను తోడు వెళ్ళి డాక్టరమ్మకు చూపించాను.

ఆవిడ తొందరపడకుండా అన్నీ చెప్పారు. ఇలాంటి పులిపిర్లలో నూటికి 90 దాకా హెచ్‌పీవీ 6, 11 రకాల వల్ల వస్తాయట. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం 16, 18 రకాలు, అవి వేరు. వైరస్ నెలలు, ఒక్కోసారి ఏళ్ళు కూడా బయటపడకుండా ఉండగలదు. కాబట్టి ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఏ టెస్టూ తేల్చలేదు. ఈ ఒక్క మాట మా మరిది కూడా విని ఉంటే ఆ వారం గొడవే ఉండేది కాదు! చెల్లెలు అప్పటికే కాలి పులిపిర్లకు వాడే మందు కొని పెట్టుకుంది. అది అక్కడ అస్సలు రాయొద్దని, వేరే పూతమందు ఇచ్చారు. రెండుసార్లు తిరగబెట్టి తర్వాత పోయాయి. పులిపిర్లు తగ్గినా ముఖద్వారం పరీక్ష మాత్రం మానొద్దన్నారు, ఎందుకంటే ఒకే మనిషికి రెండు మూడు రకాలు సోకవచ్చు.

మేం లేవబోతుంటే ‘మరి మీకేం ఇబ్బంది లేదు కదా’ అని నన్నడిగారు. ‘కాస్త స్పాటింగ్ అంతే, హెచ్‌పీవీ నెగెటివ్ లెండి’ అన్నాను. నన్ను మళ్ళీ కూర్చోమన్నారు.

నెలసరి ఆగి 12 నెలలు దాటాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలట. స్కాన్‌లో గర్భాశయం లోపలి పొర 11 మిల్లీమీటర్లు ఉంది. నాలుగు దాటితే చాలు, అనుమానించాలి. చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో ఆ పొరకే క్యాన్సర్ అని తేలింది, తొలి దశ. ఈ క్యాన్సర్‌కూ హెచ్‌పీవీకీ సంబంధం లేదు. ఆపరేషన్ చేసి గర్భాశయం తీసేశారు. ఇప్పుడు బాగున్నాను, చెకప్‌లకు వెళ్తున్నాను.

హెచ్‌పీవీ టెస్టు ముఖద్వారం దగ్గర వైరస్ ఉందో లేదో చూస్తుంది, అంతే. అది ఏ లక్షణమూ లేనివాళ్ళ కోసం. బ్లీడింగ్ ఎందుకవుతోందో అది చెప్పదు. నాలా మెనోపాజ్ తర్వాత బ్లీడింగ్ అయినవాళ్ళలో దాదాపు పదికి తొమ్మిది మందికి క్యాన్సర్ ఉండదు, పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళకైతే ఇన్ఫెక్షన్, ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డలు), హార్మోన్ మాత్రలు, గర్భం సమస్యలు కారణం కావచ్చు. కలయిక తర్వాత రక్తం కనిపిస్తే మాత్రం ముఖద్వారాన్ని డాక్టర్ కళ్ళతో చూడాల్సిందే. ఇక ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు రక్తం చూపించవు, నొప్పి పెట్టవు. అవి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. అందుకే ఏమీ లేనప్పుడే టెస్టు చేయించుకోమంటారు.

ఇంకొక్కటి. మీ వ్యాసంలో ‘ఆ భాగం’, ‘ఆడవారి సమస్య’ అనే తప్ప యోని, గర్భాశయ ముఖద్వారం అన్న మాటలు ఎక్కడా లేవు. డాక్టరమ్మ ఎదుట నాకూ ఆ మాటలు నోటికి రాలేదు, ‘కింద’ అన్నాను. పేపర్లో రోజూ కనబడితే మాకూ పలకడం అలవాటవుతుంది. పులిపిర్లకూ బ్లీడింగ్‌కూ వేర్వేరుగా రెండు వ్యాసాలు వేయించండి, దయచేసి.

చెల్లెలి విషయం ఉంది కాబట్టి నా పేరు వేయొద్దని మనవి.

– ఒక పాఠకురాలు