రాత్రి పూట అన్నం ఎందుకు ఆపినామంటే

మన హోటల్‌కు ఏళ్ళ తరబడి వస్తున్న అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం.

రిపేర్లయి హోటల్ తిరిగి తెరిచినప్పటి నుంచి ఒక మాట వింటూనే ఉన్నా. "రంగులేసినారు, ఏసీలు పెట్టినారు, అన్నం మాత్రం చెడగొట్టినారు." కొందరు నా మొహం మీదే అన్నారు. కొందరు ఏమీ అనకుండా రావడం మానుకున్నారు. ఈ రెండో రకం బాధ ఎక్కువ. అన్నం మారిన మాట నిజం. ఎందుకు మారిందో, ఇప్పుడేం చేసినామో మీకు నేనే చెప్పాల.

రిపేర్ల గురించి చెప్పేదేం లేదు, మీరే చూసినారు. పైన లాడ్జి గదులు, బాత్‌రూములు, నీళ్ళ లైన్లు కొత్తవి. కింద భోజనాల హాల్లో బేతంచెర్ల బండలు మా నాయన వేయించినవి, వాటిని పీకనీయలేదు. పైన బార్ పెడతావా అని అడిగినోళ్ళకు జవాబు ఒకటే, పెట్టను. ఇక బియ్యం సంగతి.

మా నాయన కాలం నుంచి మనం వండేది ఏడాది దాటిన పాత సోనా బియ్యం. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204 వరి రకం అది. సుంకేసుల ఆనకట్ట నుంచి పారే కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద పండినందుకు బజార్లో దానికి కర్నూలు సోనా అని పేరొచ్చింది. కొత్త బియ్యం ఎసట్లో వేస్తే జిగురు వదిలి ముద్దవుతుంది. అవే ఏడాది నిలవుంటే నీళ్ళు బాగా తాగుతాయి, ఒదుగుతాయి, మెతుకుకు మెతుకు విడిపడుతుంది, పప్పూ నెయ్యీ వేసి కలిపితే మెత్తగా కలుస్తుంది. ఆ ఏడాది పొడుగునా వ్యాపారి డబ్బు గోడౌన్‌లో ఇరుక్కుంటుంది, పురుగు పడుతుంది, తూకం తగ్గుతుంది. పాత బియ్యానికి ధర ఎక్కువయ్యేది అందుకే.

దీనికి మిల్లుల్లో ఇంకో దారి ఉంది. కొత్త వడ్లకు కాసేపు ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఆడిస్తారు. స్టీమ్ బియ్యం అంటారు. గింజలోని పిండి గట్టిపడి, కొత్తవే అయినా పొడిపొడిగా ఉడుకుతాయి. అది చెడ్డ సరుకని నేననను. స్టీమ్ అని చెప్పి అమ్మి, తెలిసి కొంటే ఎవరికీ పేచీ లేదు, చాలా హోటళ్ళలో అదే వండుతారు. కానీ ఆ అన్నం వేడి తగ్గేకొద్దీ బిరుసెక్కుతుంది. పులుసు పోస్తే పీల్చుకోదు, మజ్జిగ పోస్తే మెతుకులు వేరుగా నిలబడతాయి. మీరు "అన్నం గొంతులో దిగడం లేదు" అన్నది దీన్నే.

మాకు బియ్యమిచ్చే అంగడి మా నాయన కాలం నాటిది. తిరిగి తెరిచినప్పుడు ఆ అంగడి నుంచే పాత సోనా అని సరుకొచ్చింది, ధర పాత సోనాదే. సంచి మీద బ్రాండు ఉంది, 26 కిలోలని బరువుంది. ఏ ఏటి వడ్లో, ఆవిరి పట్టినవో కాదో ఒక్క ముక్క లేదు. 25 కిలోల దాకా లేబుల్ వేసిన సంచులకు 2022 జూలైలో జీఎస్టీ వచ్చినాక, ఆ పన్ను పడకుండా 26 కిలోల సంచులు మామూలైనాయి, అందుకని ఆ బరువు చూసి మాకు అనుమానం రాలేదు.

మొదట పట్టుకున్నది గంజి దగ్గర. మన గంజిని ఒకాయన బర్రెల కుడితికి రోజూ తీసుకుపోతాడు. "ఏంది సామీ, గంజిలో నీళ్ళు కలిపి ఇస్తున్నారా" అని ఆయన నిష్ఠూరమాడినాడు. మా వంట మాస్టరు కూడా అప్పటికే గంజి పల్చగా దిగుతోందని గొణుగుతున్నాడు. ఆవిరి పట్టిన గింజ పిండిని నీళ్ళలోకి అంతగా వదలదు. ఇంట్లో వాడే పాత బియ్యం తెప్పించి, రెండూ పక్కపక్కన వండి, మూతపెట్టి రాత్రి దాకా ఉంచినాం. ఇంటి బియ్యం అన్నం మెత్తగానే ఉంది. హోటల్ అన్నం పుల్లల్లా అయింది. పచ్చి గింజల్ని వెలుతురుకు పట్టి చూస్తే గాజు మాదిరి మెరుస్తున్నాయి.

అంగడికి పోయి అడిగినా. ముందు పాతవే అన్నారు. గింజలు చేతిలో పోసి చూపించినాక, "ఇప్పుడు అందరూ ఇదే తీసుకుంటున్నారు, తినేటోళ్ళకేం తెలుస్తుంది" అన్నారు.

డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు పాతూళ్ళోకి వచ్చినప్పుడు మన గోడౌన్‌లో బియ్యమంతా నానిపోయింది. బురద ఎత్తి పొయ్యి వెలిగించే సరికి చేతిలో పైసా లేదు. అప్పుడు ఇదే అంగడిలో పెద్దాయన, లెక్క తర్వాత చూసుకుందాం లెమ్మని బస్తాలు పంపినాడు. ఆ రుణం మా నాయన తీర్చినాడు, నేను మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఇన్నేళ్ళు ఏ సంచీ విప్పి చూడకుండా దించుకున్నాం. ఇప్పుడు అంగడి నడిపేవాళ్ళు అదే నమ్మకాన్ని వాడుకున్నారు. తినేటోళ్ళకు తెలియదట! ముందుగా చెప్పింది మీరే. ఆ అంగడితో లెక్క తెంచుకున్నా. మధ్యవర్తులు వచ్చి మాట్లాడినారు, ఇంకా వస్తున్నారు. ఎవరొచ్చినా తిరిగి పోను.

అయితే బియ్యం ఎక్కడి నుంచి? బజార్లో పాత సోనా అని ఎవరిచ్చినా మళ్ళీ అదే అనుమానం. కాలువ కింది పల్లెల్లో తెలిసిన రైతుల దగ్గరికి పోయి, ఇంటి ఖర్చుకని దాచుకున్న నిరుటి వడ్లు అడిగినాం. వాళ్ళ తిండికి పోగా మిగిలింది ఇచ్చినారు. 100 కిలోల వడ్లాడిస్తే 60, 65 కిలోల బియ్యం వస్తే గొప్ప, అందులో కొంత నూకలు. ఎన్ని రకాలుగా లెక్కేసినా ఒక పూటకే వచ్చింది.

ఇక్కడే చానా మథనపడినా. సగం కొత్తవి కలిపి రెండు పూటలా నడుపుదామన్నాడు మాస్టరు. ఆయనది మంచి సలహానే, ఎవరికీ పెద్దగా తేడా తెలియదు. కానీ అంగడివాళ్ళన్న మాటే మళ్ళీ మన వంటింట్లో వినపడినట్లయింది నాకు. వద్దన్నా. మా ఆవిడ అడిగింది, "రాత్రి బస్సు దిగి వచ్చినోళ్ళు రెండు ముద్దలు పెరుగన్నం అడిగితే ఏం చెప్తావు?" దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. లాడ్జిలో దిగి తెల్లారి మంత్రాలయమో శ్రీశైలమో పోయేవాళ్ళున్నారు. హోటల్ అని బోర్డు పెట్టి అన్నం లేదనడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. అయినా రెండు పూటలా సగం కొత్తవి కలిపిన అన్నం పెట్టడం కంటే, ఒక పూట మంచన్నం పెడదామని తేల్చుకున్నా.

కాబట్టి మధ్యాహ్నం మామూలు భోజనం, పాత సోనా అన్నం, ఎంత తింటే అంత. రాత్రికి జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం. జొన్నలు కోవెలకుంట్ల వైపు నుంచి వస్తున్నాయి. రొట్టెల కోసం ఇద్దరు అక్కలు కొత్తగా చేరినారు. వేడినీళ్ళతో పిండి కలిపి చేత్తో తట్టే రొట్టె, కాల్చిన వెంటనే విస్తట్లో పడాల, అందుకని కొంచెం ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. సంగటిలోకి మన వడ్లాడించగా వచ్చిన నూకలే వేస్తున్నాం. తోడుకు గుత్తొంకాయ, బుడ్డల (వేరుశనగల) చట్నీ, ఆకుకూర పప్పు, ఆదివారం నాటుకోడి పులుసు.

ఒక్కటి మినహాయింపు. రాత్రికి చిన్న గిన్నెడు అన్నం మెత్తగా వండి ఉంచుతాం. అది పెద్దాసుపత్రిలో ఉన్న రోగులకు, చిన్నపిల్లలకు, పళ్ళు లేని ముసలివాళ్ళకు. ఆసుపత్రి చీటీ చూపించమని ఎవరినీ అడగొద్దని వడ్డించే పిల్లలకు చెప్పినా. మిగిలినవాళ్ళు దయచేసి ఆ గిన్నె అడగొద్దు, ఎంత దగ్గరివాళ్ళయినా.

ఇది ఒకటి రెండు నెలల మాట కాదు. ఈ సంక్రాంతికి కోసిన వడ్లు రైతుల దగ్గరే కొని, గోనె సంచుల్లో వేపాకు వేసి గోడౌన్‌లో పెట్టినాం. అవి పాతబడి మిల్లుకు పోయేది వచ్చే సంక్రాంతికి. అప్పటి దాకా రాత్రి అన్నం రాదు. భోజనం 120 రూపాయలే, ఉగాది దాకా మార్చను. తర్వాత పెంచాల్సి వస్తే పది రోజుల ముందే బోర్డు మీద రాస్తా.

నెల కూపన్లు తీసుకున్నవాళ్ళు రాత్రి కూపన్లకు రొట్టె భోజనం తినొచ్చు. వద్దనుకుంటే మిగిలిన కూపన్లు కౌంటర్‌లో ఇచ్చి డబ్బు తీసుకోండి. బియ్యం చూడాలనుకుంటే మధ్యాహ్నం మూడు దాటినాక రండి, ఏ బస్తా చూపిస్తే ఆ బస్తా మీ ముందరే విప్పుతాం.