గుర్రాల ట్రైలర్ తోలే ముందు

చిన్నీ,

నిన్న అమెరికా కొలరాడో నుంచి ఫోన్‌లో ఆ పికప్పునీ, వెనక గుర్రాల ట్రైలర్‌నీ చూపించి "వచ్చే వారం నుంచి ఇది నేనే తోలాలి నాన్నా" అన్నావు కదా, అప్పట్నుంచి మీ అమ్మకి ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే సగమే వింటావని రాస్తున్నాను. గరివిడి పశువైద్య కళాశాలలో చదివినదానివి, గుర్రం సంగతి నీకు రామభద్రపురం లారీ డ్రైవరు చెప్పక్కర్లేదు. వెనక బరువుతో బండి తోలడం మాత్రం నా సబ్జెక్టు.

సిమెంటు బస్తాలైతే తాడేసి బిగిస్తే కదలవు. గుర్రం అలా కాదు, దారి పొడుగునా కాళ్ల మీద నిలబడి సర్దుకుంటూనే ఉంటుంది. నువ్వు బ్రేకు గట్టిగా తొక్కావా అది ముందుకి తూలుతుంది, మలుపు స్పీడుగా కోశావా ఆ 500 కిలోలూ ఒక పక్కకి ఒరిగి బండినే లాగుతాయి. మానాపురం సంత నుంచి పశువుల్ని ఎక్కించుకెళ్లే వ్యాన్లు చూశావుగా, సడన్ బ్రేకు పడితే లోపల వాటి పరిస్థితేంటో నీకు తెలుసు. అందుకని ముందు బండికి నువ్వు మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదులు. మలుపులోకి దిగాక కాదు, దిగకముందే స్పీడు తగ్గించు. ట్రైలర్ లోపలి పక్కకి కోస్తుంది కాబట్టి కాస్త వెడల్పుగా తిప్పు.

తగిలించే పని ఇంకెవరికీ అప్పజెప్పకు, ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే. మన ట్రాక్టర్‌కి పిన్ను కొట్టేస్తే అయిపోతుంది, అక్కడ పికప్పు వెనకుండే ఇనుప గుండు, అదే బాల్ సైజూ, దాని పైన కూర్చునే ట్రైలర్ మూతి, అదే కప్లర్ సైజూ ఒకటే ఉండాలి. 2 5/16 అంగుళాల కప్లర్‌ని 2 అంగుళాల బాల్ మీద పెడితే చక్కగా కూర్చున్నట్టే కనబడుతుంది, గతుకుల్లో ఎగిరి ఊడొచ్చేస్తుంది. లాక్ వేశాక జాకీతో ట్రైలర్ మూతిని పైకి లేపి చూడు, పికప్పు వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తే సరిగ్గా పట్టినట్టు. ట్రైలర్‌కుండే సేఫ్టీ గొలుసులు రెండూ కప్లర్ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి తగిలించు. ట్రైలర్ ఊడితే దాని బ్రేకులు వాటంతటవే పడేలా ఒక సన్న తీగ ఉంటుంది, దాన్ని గొలుసుకి కాకుండా పికప్పుకే విడిగా కట్టు. లైట్లు ఎలాగూ చూస్తావు. టైరు మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్లు వాడకం తక్కువై నిలబడే ఉంటాయి, టైరు గాడులు కొత్తగా కనబడతాయి గానీ రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది. లోపల రబ్బరు చాపలెత్తి కింద చెక్క కూడా చూడు, మూత్రం దిగి కుళ్లిపోతుంది.

పికప్పుకి తగిలించకుండా గుర్రాన్ని ట్రైలర్ ఎక్కించొద్దు. ఎక్కించాక వెనక అడ్డకమ్మీ వేసి అప్పుడు తల కట్టు, దించేటప్పుడు ముందు తల విప్పి తర్వాత కమ్మీ తియ్యి. ఇది తిరగబడితే గుర్రం వెనక్కి గుంజుకుంటుంది, తల కట్టేసి ఉంటుంది, తర్వాత ఏమవుతుందో నీకే ఎక్కువ తెలుసు. ఒక్క గుర్రమే అయితే ఎడమ పక్కన నిలబెట్టు, ఎందుకంటే మీ రోడ్డు కుడి అంచుకి వాలుగా ఉంటుంది. మనకైతే కుడి పక్కన పెట్టాలి, అంటే రెండు చోట్లా డ్రైవరు వైపే.

ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలి, అంతకన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. అలా ఊగితే భయపడి కాలితో బ్రేకు తొక్కకు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, పికప్పులో నీ దగ్గరుండే ట్రైలర్ బ్రేకు కంట్రోలర్ చేత్తో మెల్లగా నొక్కు.

కొలరాడో అంటే కొండలే కదా. సాలూరు దాటాక సుంకి ఘాట్‌లో బ్రేకు మీద కాలుంచి దిగే లారీ ముందెళ్తోందో లేదో నేను బ్రేకు కాలే వాసన పట్టి చెప్పేవాణ్ణి. డౌన్ మొదలవకముందే చిన్న గేర్ వెయ్యి, ఇంజనే ఆపుతుంది. క్రూజ్ కంట్రోల్ జోలికి వెళ్లకు. రోడ్డు పక్కన ఆపి గుర్రాల్ని దించడం లాంటివీ వద్దు, ఆపి నీళ్లు చూపించు చాలు.

రివర్స్ గురించి ఏడవకు, అందరూ మొదట్లో తికమకపడతారు. చెయ్యి స్టీరింగ్ కింది భాగం మీద పెట్టు, ట్రైలర్ ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరుపు. శనివారం ఖాళీ ట్రైలర్‌తోనే, ఖాళీ స్థలంలో ప్రాక్టీసు చెయ్యి. మీ యజమాని తొందరపెట్టినా గుర్రాల్ని ఎక్కించకు. బాల్ మీదా కప్లర్ మీదా ఉన్న నంబర్లు, టైరు మీది అంకెలు ఫోటో తీసి ముందు నాకు పంపు, మా టైమ్ ఎంతయినా పర్లేదు.

నాన్న