ఆసుపత్రికి కాదు, ఒక్కరోజు ఓర్వకల్లుకు

గౌరవనీయులైన కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మాది ఎమ్మిగనూరు. మా అబ్బాయికి తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. ఈ ఉత్తరం మందుల కోసమో, పింఛను కోసమో కాదు. పెద్ద జబ్బులున్న పిల్లల కుటుంబాలను సంక్రాంతి సెలవుల్లో ఒక్కరోజు విహారయాత్రకు తీసుకెళ్ళమని అడగడానికి రాస్తున్నాను.

ప్రభుత్వం మమ్మల్ని పట్టించుకోలేదని అనను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో తలసేమియాను, ఇంకా రక్తపు జబ్బులే అయిన హీమోఫీలియాను, సికిల్ సెల్‌ను చేర్చారు. మన రాష్ట్రంలో తలసేమియాకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. రైలు టికెట్టులో రాయితీ ఉంది, కానీ అది చికిత్సకు వెళ్ళిరావడానికే. అంటే మా వాడు ఊరు దాటాలంటే జబ్బు పనిమీదే దాటాలి. వాడికి తెలిసిన కర్నూలు పెద్దాసుపత్రి ఒక్కటే. కొండారెడ్డి బురుజు కూడా బస్సు కిటికీలోంచి చూసిందే.

వాడి సంగతి అందరూ అడుగుతారు. వాడి అక్క సంగతి ఎవరూ అడగరు. రక్తం ఎక్కించే రోజు వచ్చిందంటే ఆ పిల్లను మేనత్త ఇంట్లో వదిలిపెట్టి పోతాం. వాడికి సూది గుచ్చారని బిస్కెట్లు, బొమ్మలు కొనిస్తాం. ఈమెకు మాత్రం "నువ్వు పెద్దదానివి కదమ్మా" అని చెబుతాం. ఎంత పెద్దది సార్, ఇంకా హైస్కూలు మెట్లెక్కని పిల్ల. పండుగకు కొత్త గౌను వద్దని తనే అంది, తమ్ముడి మాత్రలు ఖరీదని ఎక్కడో విన్నదట. కేన్సర్ వార్డు దగ్గర, డయాలసిస్ గది బయట కూర్చునే తల్లులతో మాట్లాడితే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి అన్నో చెల్లెలో ఉన్నారు. అందుకే రోగికి తోడు ఒక్కరే అనే ఆసుపత్రి లెక్క ఈ యాత్రకు పెట్టవద్దు. ఇంటిల్లిపాదినీ రానివ్వండి. ముసలమ్మ ఉంటే ఆమెను కూడా.

ఎక్కడికంటే, ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు. బెలుం గుహలు గొప్పవే కానీ, లోపల ఉక్క, మెట్లు, మా పిల్లలకు ఆయాసం. ఓర్వకల్లు కర్నూలు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే, నంద్యాల రోడ్డు మీదే. బయలు ప్రదేశం, రాళ్ళ మధ్య నీళ్ళు, జనవరి ఎండ కూడా సుఖంగానే ఉంటుంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే 108 లో త్వరగా పెద్దాసుపత్రికి చేర్చవచ్చు. పండుగ రద్దీలో ఆర్టీసీ బస్సు ఇవ్వడం కష్టమంటారేమో. సెలవుల్లో స్కూలు బస్సులు ఖాళీగానే నిలబడి ఉంటాయి కదా.

అసలు కష్టం తేదీ దగ్గరే వస్తుంది. తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి, కొందరికి నెలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన తర్వాత కొన్నాళ్ళు హుషారుగా ఉంటారు, గడువు దగ్గరపడేసరికి మొహం పాలిపోయి మూల కూర్చుంటారు. కేన్సర్‌కు కీమో మందు తీసుకునే పిల్లలకు వారం, పది రోజులు దాటేసరికి తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు జనంలోకి తీసుకురాకూడదు. డయాలసిస్ పిల్లల రోజులు వేరు. కాబట్టి ఒకే తేదీ పెట్టి "రానివాళ్ళ ఖర్మ" అనుకోకుండా, రెండు తేదీలు పెట్టించండి. ఎవరు ఎప్పుడు రావాలో పిల్లల డాక్టర్లే చెప్పాలి.

భోగిపళ్ళు పోయించండి, అది లేకపోతే పండుగ పండుగలా ఉండదు. కీమో పిల్లలకు రేగుపళ్ళు వద్దని డాక్టర్లు అంటే పూలు, చిల్లర చాలు. నోట్లో పెట్టుకోకుండా చూడాలంతే. భోగిమంట మాత్రం వద్దు, పొగ పడదు. అన్నం అక్కడే వండి వేడిగా పెట్టాలి. రక్తం ఎక్కించేకొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుంటుంది కాబట్టి, సజ్జ రొట్టెలో ఇనుము ఉంటుందని మా వాడికి తగ్గించమంటారు, ఓళిగ (బొబ్బట్టు) చూస్తే షుగర్ పిల్ల తల్లికి టెన్షన్. వంటవాళ్ళ పక్కన ఆసుపత్రి డైటీషియన్ ఒకరు ఉంటే ఈ గొడవ తీరిపోతుంది.

ఖర్చు గురించి నేను చెప్పేంతటివాడిని కాను. జిల్లా రెడ్ క్రాస్‌కు మీరే అధ్యక్షులు కాబట్టి దారి మీకే బాగా తెలుసు. అదే వారంలో ఒక రక్తదాన శిబిరం కూడా పెట్టించారంటే మరీ మంచిది. కాలేజీ పిల్లలు ఊళ్ళకు పోతే రక్తమిచ్చేవాళ్ళు తగ్గుతారు, మా గడువులకు మాత్రం పండుగ సెలవులుండవు.

ఒక్కటి గట్టిగా అడుగుతున్నాను. స్టేజీ వద్దు, శాలువాలు వద్దు, దాతల ఫ్లెక్సీ ముందు పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయవద్దు. గుండు మీద టోపీ పెట్టుకున్న ఆడపిల్ల ఫొటో పేపర్లో పడితే రేపు బడిలో జవాబు చెప్పుకోవాల్సింది ఆ పిల్లే. మీరు తప్పకుండా రండి, మాతో కూర్చుని భోంచేయండి. మైకు తీసుకురాకండి.

ఒప్పుకుంటే తేదీలు డిసెంబరు మొదట్లోనే చెప్పించండి సార్. రక్తం ఎక్కించే రోజును కాస్త అటూ ఇటూ జరపడానికి మాకు అంత వ్యవధి కావాలి.

ఇట్లు,
ఒక తలసేమియా బిడ్డ తండ్రి,
ఎమ్మిగనూరు