ముందు బ్రేకంటే భయమెందుకురా

ఒరేయ్ శీనూ,

కొత్త బండి మీద ఊరంతా తిరుగుతున్నావట, బావుంది. కానీ ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతామని ఎవరో భయపెడితే, వెనక బ్రేకుతోనే నెట్టుకొస్తున్నావని విన్నాను. ఆ సలహా ఇచ్చినవాణ్ణి నాలుగు తిట్టాలనుంది.

లెక్క చూడు. నువ్వూ బండీ కలిసి 200 కిలోలు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బరువునీ వేగాన్నీ గుణిస్తే వచ్చే ద్రవ్యవేగమంతా సున్నా అయితేనే బండి ఆగుతుంది. బ్రేకు చక్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది. బండిని వెనక్కి నెట్టేది రోడ్డు, అదీ టైరు నేలకి ఆనిన ఆ కాస్త చోటే. వేగం తగ్గుతుంటే బరువు ముందుకు వాలుతుంది కదా, ముందు టైరు రోడ్డుని అదుముతుంది, వెనకది తేలిపోతుంది. తేలిన చక్రాన్ని ఎంత తొక్కినా ఏం లాభం? జారి, బండి తోక తిప్పుతుంది. పొడి తారురోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే గంటకు 60 వేగంలో ఉన్న బండి 20 మీటర్లలో ఆగొచ్చు. వెనకదొక్కటే అయితే ఇంచుమించు రెట్టింపు. నీకు విషయం బుర్రకెక్కే ఒక్క సెకనులో పోయే 17 మీటర్లు వీటికి అదనం.

అలాగని ముందు బ్రేకు లివరు ఒక్కసారిగా నొక్కెయ్యకు. బరువు ముందుకి రాకముందే చక్రం బిగుసుకుంటే ఢామ్మని పడతావు. యాక్సిలరేటరు వదిలి, రెండు వేళ్లతో మెల్లగా మొదలుపెట్టు. ముందు ఫోర్కు, అదే ముందు చక్రాన్ని పట్టుకున్న స్ప్రింగు గొట్టాలు, కిందికి దిగిందని తెలియగానే పట్టు పెంచు. వెనకది తేలిగ్గా తొక్కితే చాలు. హ్యాండిలు తిన్నగా ఉండాలి, మలుపులో వంగి ఉన్నప్పుడు మాత్రం గట్టిగా పట్టకు.

బ్రేకేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉందిగా అంటావేమో. సింగిల్ ఛానల్ అయితే అది ముందు చక్రానికే, వెనకది బిగుసుకుంటుంది. పైగా రోడ్డు మీద ఆరబోసిన వడ్లూ, ఇసుకా ఎదురైతే ఏ ఏబీఎస్సూ లేని పట్టు పుట్టించలేదు. అక్కడ ముందే నెమ్మదించు.

వెనక మీ ఆవిడ ఎక్కితే మరో 60 కిలోలు. అంతే దూరంలో ఆగాలంటే బలం 30 శాతం ఎక్కువ కావాలి, లివరు ఆ మేరకు గట్టిగా పట్టాలి. వెనక టైరులో గాలి కూడా ఇద్దరికి రాసిన లెక్క ప్రకారం పెట్టించు, చాలా బండ్లకి చెయిన్ కవరు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది.

ఆదివారం ఖాళీ మైదానంలో ఇటుక ముక్కతో గీత గీసి, 30లో వచ్చి గీత దగ్గర బ్రేకు వెయ్యి. అయిదారు మీటర్లలో ఆగేదాకా పదిసార్లు చెయ్యి. తర్వాత 40. ఎన్ని అడుగుల్లో ఆగిందో రాసి పంపు.

నీ
రాజు