కిళ్లీ కొట్టు ముందు ఇసుక డబ్బా పెట్టించండి

అయ్యా,

సిగరెట్ పీకలో తెల్లగా కనిపించేది దూదే కదా, కుళ్లిపోతుందిలే అని చాలామంది మురుగు కాలువలో పారేస్తారు. నిజానికది సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. ఒక్కో ఫిల్టర్‌లో వెంట్రుక కన్నా సన్నని పోగులు 12 వేలకు పైనే ఉంటాయి. పొగలోని నికోటిన్, తారు ఆ పోగులకే పడతాయి, నీళ్లు తగిలితే మళ్లీ బయటికి దిగుతాయి. అమెరికాలో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, పొగాకు ముక్క అంటి ఉన్న ఒక్క పీకను నానబెట్టిన లీటరు నీటిలో నాలుగు రోజుల్లో సగం చేపలు చచ్చిపోయాయి. బీడీకి ఫిల్టర్ లేదు, ఆకు కుళ్లుతుంది. నికోటిన్ మాత్రం దాన్నుంచీ దిగుతుంది.

విజయవాడ నడుమ నుంచే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పోతున్నాయి. దిగువ పల్లెల మంచినీటి చెరువులు నిండేది ఆ నీళ్లతోనే.

మన దగ్గర విడి సిగరెట్లే ఎక్కువ కొంటారు. కొట్టు దగ్గరే వెలిగించి, అక్కడే నాలుగడుగుల్లో పారేస్తారు. పట్టుకోవాల్సిందీ అక్కడే. పాత నూనె డబ్బాలో నాలుగు అంగుళాల పొడి ఇసుక పోసి చూరు కింద పెడితే చాలు. అడుగున చిల్లు ఉండకూడదు, వాన పడితే విషపు నీరు కారుతుంది. మూతకు బొటనవేలు పట్టేంత సందే ఉంచాలి. లేకపోతే టీ కప్పులు పడతాయి, నిప్పుకు అంటుకుంటాయి, మిగిలిన టీకి ఇసుక తడుస్తుంది. వారానికి రెండుసార్లు, వంటకు వాడని జల్లెడతో, చేతి తొడుగులు వేసుకుని జల్లించి, పీకల్ని సంచిలో కట్టి చెత్త బండికి విడిగా ఇవ్వాలి. తడి చెత్తలో కలిపితే ఎరువులోకి పోతాయి. నల్లబడిన ఇసుకను మొక్కలకు వేయకండి.

చీపురు టైల్స్ సందుల్లోని పీకల్ని లేపదు. మురుగు కాలువ మీది ఇనుప జాలీ సందుల్లోంచి 8 మిల్లీమీటర్ల పీక సులువుగా జారిపోతుంది. కొట్ల దగ్గరి జాలీల కింద పావు అంగుళం కన్నుల వల బిగించవచ్చు. కానీ వారం వారం తీసి శుభ్రం చేయకపోతే ఆకులు, క్యారీబ్యాగులు అడ్డుపడి రోడ్డు మునుగుతుంది. ఆ పని ఎవరిదో ముందే తేల్చకుండా వల బిగించవద్దు.

2022 జూలై 1 నుంచి నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల్లో సిగరెట్ పెట్టె పైపొర ఉంది, లోపలి ఫిల్టర్ లేదు. ఆ జాబితా మారే దాకా ఆగనక్కర్లేదు. ఇసుక డబ్బాను కొట్ల అనుమతి షరతుల్లో చేర్చి, తొలకరికి ముందే బస్టాండు చుట్టుపక్కల కొట్లతో మొదలుపెట్టాలని నగరపాలక సంస్థను కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు పాఠకులు,
గవర్నర్‌పేట, విజయవాడ